ఆఖరి ముద్ద ఎవరిదైతే వాళ్లే రాజు

ఉడికిన గుడ్డును కత్తితో కోస్తే పచ్చసొన సగం కత్తికే పోతుంది. చెంచాతో కోస్తే ఒక ముక్క పెద్దదై, ఇంకోటి చితికి, అన్నదమ్ముల తగువు మొదలవుతుంది. దారంతో కోస్తే ఆ పేచీ లేదు. ఒక కొస పంటి కింద పట్టి, రెండో కొస వేలికి చుట్టి బిగించి, గుడ్డును దాని మీదికి మెల్లగా నొక్కితే వెంట్రుకవాసి తేడా లేకుండా తెగుతుంది. అలా రెండు చోట్ల కోస్తే మూడు ముక్కలు. నడిమి ముక్కలో సొన ఎక్కువ కాబట్టి అది మాత్రం పిల్లలకు వంతులవారీగా వచ్చేది.

ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. రోజంతా దారాల మధ్య ఉండే మనిషి, చేతికందింది దారమే. వీధిలో ఆమెను అందరూ దారాలావిడ అనే పిలుస్తారు. టైర్ల కొట్టు పైమేడలో బట్టలు కుట్టే చోట ఆమె పని. మిషన్ల మీద నుంచి దిగిన చొక్కాలకు కాలరు దగ్గర, కాజాల దగ్గర, చంకల కింద దారపు కొసలు వేలాడుతుంటాయి. వాటిని బొటనవేలంత కత్తెరతో కత్తిరించి, చొక్కా దులిపి, మడతపెట్టే వాళ్ల వైపు తోయాలి. దులిపిన దారాలు ఎక్కడికి పోతాయి? జుట్టులోకి, భుజాల మీదికి, మెడ వెనక్కి. సాయంత్రానికి ఆమె పిచ్చుక గూడులా తయారై ఇల్లు చేరేది.

ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే నడిపిది ఎదురొచ్చి అక్కడే నిలబెట్టేసేది. తల్లి చుట్టూ తిరిగి ఒక్కో దారం ఏరి అరచేతిలో వేసుకునేది. ఇవాళ నీలం చొక్కాలు కుట్టారనీ, చివర్లో తెల్లవి వచ్చాయనీ చూసినట్టే చెప్పేది. ఆ కాసేపు తల్లి కళ్లు మూసుకుని నిలబడేది. రోజంతటిలో ఆమెను ఎవరైనా ముట్టుకునేది అప్పుడే.

ముగ్గురు పిల్లలు. పెద్దోడు, నడిపిది, చిన్నోడు. వాళ్ల నాన్న సిమెంటు గోదాములో బస్తాలు మోసేవాడు. మోసినన్నాళ్లూ పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి, చిన్నోడికి నడక రాకముందే ఆయన్ని తీసుకుపోయింది. బతికున్నప్పుడు కూడా వాళ్లేం పంచభక్ష్యాలు తినలేదు గానీ, అన్నం గిన్నెలోకి తొంగిచూడాల్సిన అవసరం పిల్లలకు రాలేదు.

ఆయన పోయాక వచ్చింది. అత్తెసరు పెట్టిన అన్నం మూడు పళ్లేల్లో సర్దేసరికి గిన్నె అడుగు కనిపించేది. పిల్లలు రెండు నిమిషాల్లో ఊదేసి, ఏమీ అడిగేవాళ్లు కాదు. అడిగితే కసురుకుని ఊరుకునేదేమో. వాళ్లు ఊరికే గిన్నె వైపు చూసేవాళ్లు. పిల్లల చూపు గిన్నె మీదికి పోతే తల్లి చూపు ఎక్కడికి పోవాలి? ఆమె గోడకేసి చూసేది, పొయ్యికేసి చూసేది. అలా చూసీ చూసీ ఒక సాయంత్రం, నోటికి ఏదొస్తే అది అన్నట్టు అనేసింది.

"ఇవాళ్టి నుంచి ఒక ఆట. ఆఖరి ముద్ద ఎవరిదైతే వాళ్లే రాజు."

రాజుకేం వస్తుందని పెద్దోడు అడిగాడు. వాడు అప్పటికే లోకం చదివినవాడు. రాజుకు మాడు, అంది. గిన్నె అడుగున ఎర్రగా అంటుకున్న మాడుచెక్క మొత్తం రాజుదే. ఆ రోజు నుంచి ఆమె కావాలనే పొయ్యి దింపడం కాస్త ఆలస్యం చేసేది.

ఆటకు నియమాలు వాటంతట అవే పుట్టాయి. తినడం మానేసి కూర్చోకూడదు, నమలుతూ ఉండాలి. ఎదుటివాళ్ల పళ్లెం ఖాళీ అయిందని కళ్లతో చూడాలి. ఆ తర్వాత అమ్మ 'రాజు వీళ్లే' అని చెప్పాలి. అప్పుడే ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకోవాలి. ముందే మింగేస్తే రాజ్యం పోయినట్టే.

ఆమె మాత్రం ఆడేది కాదు. తీర్పు చెప్పేవాళ్లు ఆడకూడదంది. పిల్లలు పడుకోబోయే ముందు గిన్నె కడిగిన గంజిలో ఉప్పేసుకుని తాగి, కొంగు బిగించుకునేది. చిన్నోడు ఒకసారి అడిగాడు.

"అమ్మా, నువ్వెప్పుడు ఆడతావ్?"

"మీరు ఓడిపోవడం నేర్చుకున్నాక."

పెద్దోడు ఎప్పుడూ ఓడిపోయేవాడు. ఎదిగే ఒళ్లు, ఆకలికి ఆటలు తెలియవు. చిన్నోడు సగంలో మరిచిపోయి గబుక్కున మింగి, తర్వాత ఏడ్చేవాడు. గెలిచేది నడిపిది. గోళీకాయంత ముద్దలు చేసేది. గుడ్డు ముక్కను అన్నం కింద దాచి, తవ్వి తీసేది. ఒక్కో మెతుకుకూ పేరు పెట్టి పంపుతున్నట్టు నమిలేది. పెద్దోడు దానికి నత్త అని పేరు పెట్టాడు. నత్త మాడు గెలిచి, మూడు ముక్కలు చేసి, పెద్ద ముక్క పెద్దోడి పళ్లెంలో పడేసేది. రాజుకు దానం చేసే హక్కుంటుందని దాని వాదన.

ఆట వల్ల అన్నం పెరగలేదు. కానీ అదే అన్నం అరగంట తిన్నారు. అరగంట తిన్నవాళ్లు గిన్నె వైపు చూడరు. దారాలావిడ జీవితంలో తాను గర్వపడ్డ పని ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆమె అన్నయ్యకు ఊరికి అవతల పిండి మర ఉంది. పిల్లలు ఆయన్ని మర మామయ్య అంటారు. కనురెప్పల మీద కూడా పిండే, దగ్గరకు తీసుకుంటే వాళ్లూ తెల్లబడిపోయేవాళ్లు. ఆయనకూ వదినకూ పిల్లలు లేరు. వదిన చెడ్డదేం కాదు, నోరు పెద్దది. గంపెడు సంతులో పుట్టిన మనిషి. వాళ్ల పుట్టింట్లో ముందు తిన్నవాడిదే కూర, ఆలస్యమైతే చెయ్యి కడుక్కోవడమే. అందుకని ఇప్పటికీ ఎవరో తరుముతున్నట్టు తింటుంది. తిన్నాక తనే నవ్వుకుంటుంది, నా పళ్లెం ఎవరు లాక్కుపోతారని ఇంకా భయమో అని.

ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్తే వదిన అందరికీ వడ్డించి, నడిపిదాన్నే చూస్తూ కూర్చుంది. చిన్న చిన్న ముద్దలు, ఒక్క మెతుకు కింద పడదు, ఆత్రం లేదు.

"ఈ పిల్ల ఎక్కడ నేర్చుకుందమ్మాయ్ ఇంత నాజూకు? పెద్దింటి బిడ్డలా తింటోంది."

దారాలావిడ తల దించుకుంది. అది నాజూకు కాదని ఎలా చెప్తుంది? పెదవి దాటితే పృథివి దాటుతుంది. వెళ్లేటప్పుడు అన్నయ్య మర బయటికి వచ్చి, పిండి చేతులు దులుపుకుంటూ, గొంతు తగ్గించి అసలు సంగతి కదిపాడు. ఒక్కరినైనా మా దగ్గర ఉంచు, బడికి పంపుతాం, తిండికి లోటుండదు, ఇక్కడున్నవాళ్లూ బాగుంటారు, అక్కడ మిగిలినవాళ్లూ నాలుగు మెతుకులు ఎక్కువ తింటారు. మీ వదిన నడిపిదాన్ని అడుగుతోంది.

వారం రోజులు ఆమె కత్తెర పట్టుకుందే గానీ మనసు అక్కడ లేదు. ఒక చొక్కాకు దారంతో పాటు కాజా కూడా కత్తిరించేసి మేస్త్రీతో మాటలు పడింది. పక్కన బొత్తాలు కుట్టే ఆవిడ సంగతి విని, దత్తత పోయేది పిల్లేనా నిన్ను కూడా తీసుకుంటారేమో అడుగు, నేనూ వస్తా వెనకాల, అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక బొత్తాలావిడ మెల్లగా, పంపేయ్, కడుపు నిండిన చోట పిల్లలు త్వరగా అలవాటు పడతారు, అంది. ఆ మాట ఓదార్పుగా అంది గానీ దారాలావిడకు అదే ముల్లులా దిగింది.

పెద్దోణ్ని పంపలేదు, వాడు లేకపోతే చిన్నోణ్ని చూసేవాళ్లు లేరు. చిన్నోణ్ని పంపలేదు, వాడు చంక దిగితే ఏడుస్తాడు. ఎటూ కాని నడిపిదే మిగిలింది. ఇంట్లో నడిమి పిల్లల బతుకంతే, ఏ కారణమూ లేకపోవడమే వాళ్లకు కారణం.

పంపే రోజు పొద్దున తల దువ్వుతూ ఆమె పదే పదే చెప్పింది ఒక్కటే. అత్తయ్య ముందు నా పరువు తీయకు. గిన్నెకేసి చూడకు. ఆబగా తినకు. మనింట్లో ఎలా తింటావో అలాగే తిను. పిల్ల బుద్ధిగా తలూపింది. వీధి చివర బస్సు కదులుతుంటే పెద్దోడు, నత్త అత్త ఇంటికి పోయింది, అని పాటలా అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి వాడే ఆపేశాడు.

నెల తిరక్కుండానే మేడ మీదికి ఫోను వచ్చింది. మేస్త్రీ పిలిచి ఇచ్చాడు. అన్నయ్య గొంతు వెనకాల మర చప్పుడు. పిల్లకు జ్వరమేం లేదు, కంగారుపడకు, కానీ సెలవు రోజున ఒకసారి రా, అన్నాడు.

వెళ్లేసరికి సాయంత్రం అవుతోంది. మర ఇంకా తిరుగుతోంది. వదిన ఆమెను వంటింట్లోకి తీసుకెళ్లి పీట వేసి కూర్చోబెట్టి, గుమ్మం వైపు ఒకసారి చూసి మొదలుపెట్టింది. పిల్ల తినడం లేదు. వడ్డించినదంతా ఎదురుగా పెట్టుకుని కూర్చుంటుంది. నాలుగు మెతుకులు నములుతుంది, మళ్లీ నములుతుంది. మేం తిని, గిన్నెలు తోమి, గచ్చు తుడిచినా ఆ పళ్లెం అలాగే ఉంటుంది. చల్లబడి, పైన తొక్క కట్టి. నచ్చలేదేమోనని రోజుకో కూర చేశాను. చివరికి నేనే పళ్లెం తీసేస్తాను, ఏమీ అనదు. ఒకరోజైతే గిన్నె అడుగున మాడు ఉందా అని అడిగింది.

వదిన అక్కడ ఆగి ముక్కు చీదింది.

"మాడు అడిగిందమ్మాయ్. పక్కింటావిడ విని ఏమనుకోవాలి? తెచ్చుకున్న పిల్లకు మాడు పెడుతున్నాననే కదా? పిల్ల చిక్కిపోయింది, నువ్వే చూడు. నీ మీద బెంగైతే తీసుకుపో. నేనేం అనుకోను. కానీ నా ఇంట్లో ఉండి ఇలా ఎండిపోతే మాత్రం నేను చూడలేను."

దారాలావిడకు గుండె ఝల్లుమంది. అందులో సగం భయం. మిగతా సగం ఏమిటో ఆమె తర్వాత బస్సులో తలుచుకుని సిగ్గుపడింది. తీసుకుపో అన్న మాట చెవిన పడగానే లోపలెక్కడో ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కేసింది కూడా.

మర ఆగింది. అంత చప్పుడూ ఒక్కసారిగా పోయేసరికి ఇల్లు పెద్దదైనట్టు అనిపించింది. ఆ ఇంట్లో మర ఆగగానే తింటారు, ఇంకా వెలుతురు ఉండగానే. పిల్ల పెరట్లోంచి లోపలికొచ్చి తల్లిని చూసి పరుగెత్తుకొచ్చింది. మెడ ఎముకలు చేతికి తగిలాయి. ఒళ్లో కూర్చోకుండా వెనక్కి తిరిగి, అలవాటుగా భుజం మీద వెతికింది. సెలవు రోజు కదా, దారాల్లేవు. ఒక్కటి మాత్రం జడలో దొరికింది, పసుపుపచ్చది. దాన్ని వేలికి చుట్టుకుంది.

వడ్డించారు. తెల్లటి అన్నం, కూర, పక్కన నిండు గుడ్డు. కోయని గుడ్డు. అన్నయ్యా వదినా తినేసి, కావాలనే కల్పించుకున్న పనుల మీద లేచిపోయారు. పిల్ల గోళీకాయంత ముద్ద చేసింది. నమిలింది. గుడ్డును అన్నం కింద దాచింది. కిటికీ వైపు చూసింది. మళ్లీ నమిలింది.

అప్పుడు తల్లికి అర్థమైంది. మనింట్లో ఎలా తింటావో అలాగే తిను. చెప్పింది తనే.

"అత్తయ్యా మామయ్యా తినేశారుగా తల్లీ. నువ్వే రాజువి. ఇంక తినెయ్."

పిల్ల తల అడ్డంగా ఊపింది. అమ్మకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు ఓపిగ్గా చెప్పింది.

"వాళ్లు మన ఆటలో లేరమ్మా. అన్నయ్య, చిన్నోడు తినేశారో లేదో నాకెలా తెలుస్తుంది? నువ్వు పని నుంచి వచ్చాక కదా వాళ్లు కూర్చునేది. ఇక్కడ వెలుతురుండగానే పెట్టేస్తారు. నేను ముందే తినేస్తే ఓడిపోతాను."

కిటికీలో వెలుతురు ఇంకా ఉంది. చీకటి పడి, అక్కడ దీపం వెలిగి, పళ్లేలు వేసేదాకా ఆగాలని చూస్తోంది పిల్ల. ఈలోపే అత్తయ్య పళ్లెం తీసేస్తుంటే ఏమనాలో తెలియక ఊరుకుంది. రోజూ ఆ వేళకు అది ఈ పీట మీద కూర్చుని, ఊరి అవతలి ఇంట్లో అన్నతో, తమ్ముడితో కలిసి తింటోంది.

తీసుకుపోదామంటే దారి ఉంది. వదిన నోటితోనే అంది, ఎవరూ తప్పుపట్టరు. తీసుకుపోతే మళ్లీ గుమ్మంలో దారాలు ఏరే చేతులు ఉంటాయి. మళ్లీ గుడ్డు మూడు ముక్కలవుతుంది. దారాలావిడ పిల్ల మణికట్టు వైపు చూసింది. పళ్లెంలో అన్నం వైపు చూసింది. ఆ పళ్లెంలో ఉన్నది తన ఇంట్లో ముగ్గురి అన్నం.

"ఆట మారింది," అంది. గొంతు మామూలుగానే వచ్చింది, ఆమెకే ఆశ్చర్యం వేసింది. "నీకు చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడు ముందు తిన్నవాళ్లే రాజు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వొచ్చేశాక."

"అక్కడ కూడానా? అన్నయ్య వాళ్లకి కూడానా?"

"అక్కడ కూడా. మీ అన్నయ్య రోజూ రాజే. చిన్నోడు కూడా ఒకసారి గెలిచాడు."

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. తను లేనప్పుడు నియమం మార్చేశారన్న కోపం ఒక్క క్షణం మొహంలో కనబడింది. ఇన్నాళ్లూ ఆ ఆటలో తను ఒక్కతే ఉందని అది అప్పుడే లెక్క కట్టుకుంది.

"మరైతే ఇవాళ?"

"ఇవాళ వాళ్లింకా కూర్చోలేదు. ఇప్పుడు తినేస్తే నువ్వే."

పిల్ల తినడం మొదలుపెట్టింది. మొదట్లో తడబడింది, పెద్ద ముద్ద చెయ్యడం చేతికి రాలేదు. తర్వాత వచ్చింది. గుడ్డును తవ్వి తీసి సగం కొరికింది, బుగ్గలు ఉబ్బాయి, సొన పెదవి చివర అంటుకుంది. కిటికీ వైపు చూడలేదు. తల్లి వైపూ చూడలేదు. తలుపు చాటున నిలబడ్డ వదిన వచ్చి, ఇంకో గరిటెడు వడ్డించి, పైటతో కళ్లు ఒత్తుకుంది. ముందు తిన్నవాడిదే కూర అని తెలిసిన మనిషి, పిల్ల ఇప్పుడు తింటున్న తీరు ఆమెకు అర్థమైంది. ఆ క్షణం నుంచి ఆ పిల్ల ఆమె పిల్లే.

ఆఖరి ముద్ద పట్టుకుని పిల్ల అలవాటు చొప్పున ఆగింది, తల్లి మొహంలోకి చూస్తూ.

"రాజు వీళ్లే," అంది తల్లి.

మింగేసింది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పరుగెత్తింది. వేలికి చుట్టుకున్న పసుపు దారం అన్నంతో తడిసి జారి పళ్లెంలోనే ఉండిపోయింది. వదిన గిన్నెలతో పాటు ఆ పళ్లెం కూడా తీసుకెళ్లింది.

బయల్దేరేటప్పుడు వదిన రెండు గుడ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. పిల్ల గుమ్మంలో అత్తయ్య చెయ్యి పట్టుకుని నిలబడి, అన్నయ్యతో ఇవాళ నేనే గెలిచానని చెప్పు, అంది. ఏడవలేదు. బొత్తాలావిడ చెప్పినట్టే, కడుపు నిండిన చోట పిల్లలు త్వరగా అలవాటు పడతారు.

ఇంటికొచ్చేసరికి పెద్దోడు పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచాడు. నత్త తింటోందా అని అడిగాడు. తింటోంది, అంది. పిల్ల వెళ్లినప్పటి నుంచి ఆ ఇంట్లో గుడ్డు ఉడకలేదు. ఒకటి ఉడకబెట్టింది. పొట్టు తీసి, దారం పంటి కింద పట్టి, కోసింది. మనసు ఎక్కడో ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. చూసుకునేసరికి రెండు చోట్ల తెగి ఉంది.

మూడు ముక్కలు. చివరి ముక్కలు రెండూ రెండు పళ్లేల్లో వేసింది. నడిమి ముక్క, సొన ఉన్నది, చేతిలో ఉండిపోయింది.

చిన్నోడు ఆ ముక్కకేసి చూసి అన్నాడు.

"ఇవాళ అది నత్త వంతు."

పెద్దోడు లేచి, మూలనున్న నత్త పళ్లెం తీసి, తుడిచి, తల్లి ముందు పెట్టాడు. తన పళ్లెంలోంచి పిడికెడు అన్నం అందులోకి తోశాడు.

"దాని బదులు నువ్వు ఆడమ్మా."

తీర్పు చెప్పేవాళ్లు ఆడకూడదని ఆమె అనలేదు. కూర్చుంది. పిల్లలతో కలిసి పళ్లెం ముందు కూర్చుని ఎన్నాళ్లయిందో. పెద్దోడు ఎప్పటిలాగే ముందు తినేశాడు. చిన్నోడు సగంలో మరిచిపోయి మింగేశాడు, ఈసారి ఏడవలేదు. ఇద్దరూ ఖాళీ పళ్లేలు ముందు పెట్టుకుని తల్లిని చూస్తున్నారు.

ఆమె చేతిలో ముద్ద ఉంది. అందులో సొన ఉంది. నోటి దాకా తెచ్చింది, మళ్లీ దించింది. మళ్లీ తెచ్చింది.

చిన్నోడు ఆవలించాడు. తల్లి పళ్లెంలోకి తొంగిచూసి, అన్న పళ్లెం చూసి, తనది చూసుకుని, తీర్పు చెప్పాడు.

"అమ్మే రాజు."